బొమ్మ పడని హాళ్లు

ప్రొజెక్టర్ రూము గోడకు నాలుగు చదరపు కంతలున్నాయి. రెండింట్లోంచి వెలుగు హాల్లోకి వెళ్లేది. మిగతా రెండింటికీ ఆపరేటరు కన్ను ఆనించి తెరను చూసేవాడు. ఇప్పుడు నాలుగింట్లోనూ పావురాలు కాపురం పెట్టాయి.

కృష్ణా డెల్టాలో మా అమ్మమ్మగారి ఊరి హాలు ఇది. వేసవి సెలవుల్లో వారానికి రెండు సినిమాలు చూపించి నన్ను పెంచిన హాలు. కిందటి నెల చుట్టాల పెళ్లికి వెళ్తే, దాన్ని కూలగొట్టి ఫంక్షన్ హాలు కడుతున్నారని చెప్పారు. ఒక్కసారి లోపలికెళ్లి చూసొస్తానని అడిగాను. అక్కడ ముప్ఫై ఏళ్లు ఆపరేటరుగా పనిచేసిన పెద్దాయనే తాళంచెవి పట్టుకుని వెంట వచ్చారు. “చూసుకుని ఎక్కు బాబూ, మూడో మెట్టు ఊగుద్ది” అంటూ తాను మాత్రం ఆ చీకట్లోనే చకచకా ఎక్కేశారు.

కిటికీ గట్టు మీద దుమ్ములోంచి ఒక కడ్డీ ముక్క ఏరి నా చేతిలో పెట్టారు. చిటికెన వేలంత లావు. పైన రాగి పూత, లోపల నల్లటి కార్బన్. ఇలాంటి రెండు కడ్డీల కొసలు ఎదురెదురుగా పెట్టి కరెంటు పంపితే మధ్యలో పుట్టే మెరుపే ఒకప్పుడు తెర మీద బొమ్మయ్యేది. కడ్డీలు కాలేకొద్దీ మధ్య ఎడం పెరుగుతుంది, వెలుగు మసకబారుతుంది. అందుకని ఆపరేటరు వాటిని దగ్గరికి జరుపుతూనే ఉండాలి. కాస్త ఆదమరిస్తే హీరో ముఖం చీకటిపడేది, నేల తరగతిలోంచి ఈలలు లేచేవి.

వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు తిరుగుతుంది. రెండున్నర గంటల సినిమా అంటే దాదాపు పద్నాలుగు రీళ్లు. ఒక మిషను మీద రీలు అయిపోవస్తుండగా రెండో మిషను సిద్ధంగా ఉండాలి. తెరకు కుడివైపు పైమూలన ఒక చుక్క మెరుస్తుంది. అది చూసి రెండో మిషను మోటారు వేయాలి. ఏడు సెకన్ల తర్వాత ఇంకో చుక్క. అది పడగానే ఇటు వెలుగు మూసి అటు తెరవాలి. కింద కూర్చున్నవాళ్లలో ఒక్కరికి కూడా అతుకు తెలియకూడదు. ఇన్నేళ్లలో మీకు బాగా నచ్చిన సినిమా ఏదండీ అని అడిగాను. “నేను చూసింది ఆ మూలే బాబూ” అన్నారాయన, తెర ఉండాల్సిన గోడకేసి చెయ్యి చాపి.

ఈ హాలు ఎందుకు పోయిందో అడిగితే ఊళ్లో ఎవరి జవాబు వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంది. సాయంత్రాల్ని సీరియళ్లు తినేశాయంటారు. పైరసీ సీడీలంటారు. మల్టీప్లెక్సులంటారు. ఇప్పుడైతే అందరిదీ ఒకే మాట, ఓటీటీ. ఏదీ అబద్ధం కాదు. కానీ ఈ జవాబులన్నీ చివరికి తప్పు తీసుకెళ్లి ప్రేక్షకుడి నెత్తినే పెడతాయి, అతను ఇల్లు కదలడం మానేశాడని. నేను ఒప్పుకోను. ఊరి హాలైనా, పేట హాలైనా బతికింది సినిమా రెండో వారం మీద, మూడో వారం మీద. ఆ వారాల్ని సినిమా వ్యాపారమే మింగేసింది. ప్రేక్షకుడు చెప్పులేసుకునేలోపే బొమ్మ వెళ్లిపోతోంది.

నడక దూరంలో తెర

1921లో బెజవాడలో పోతిన శ్రీనివాసరావు మారుతీ హాలు కట్టేనాటికి సినిమాకు ఇంకా మాటలు రాలేదు. అంతకు కొన్నేళ్ల ముందే మద్రాసులో మన రఘుపతి వెంకయ్య గెయిటీ హాలు కట్టారు. తెలుగు బొమ్మ మాట్లాడింది 1932లో, ‘భక్త ప్రహ్లాద’తో. పట్నాల్లో పక్కా హాళ్లు లేస్తుంటే పల్లెలకు డేరాలు వచ్చాయి. టూరింగ్ టాకీసుల్లో చాలావాటికి ప్రొజెక్టరు ఒక్కటే. అందుకే రీలు మార్చినప్పుడల్లా లైట్లు వెలిగేవి, అన్ని ఇంటర్వెళ్లలోనూ వేరుశనక్కాయలు అమ్ముడుపోయేవి. డేరా మీద మైకులో ఘంటసాల పాడిన వేంకటేశ్వరుడి పాట మొదలైందంటే బొమ్మ పడబోతోందని చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలిసేది. పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నాలుగు మెతుకులు తిని బయల్దేరినా ఆట అందేది.

మా అమ్మమ్మకు సినిమాకు వెళ్లాలనిపిస్తే ఎవరినీ అడిగేది కాదు. మధ్యాహ్నం అంట్లు తోమేశాక గోడ మీంచి “వదినా, మ్యాట్నీకి పోదామా?” అని ఒక్క కేక. పది నిమిషాల్లో అరడజను మంది ఆడవాళ్లు వీధిలో తయారు. చంకన చంటిపిల్లలు, కొంగు ముడిలో చిల్లర. వాళ్లకు బుకింగ్ వేరు, కూర్చునే వైపు వేరు. చంటిదేడిస్తే గేటు దగ్గర ఉండే ఆయనే ఎత్తుకుని ఆవరణలో తిప్పేవాడు. టికెట్లు అయిపోయినా వెనక్కి పంపేవాడు కాదు, “ఉండండమ్మా, ఇంకో బెంచీ వేయిస్తా” అనేవాడు. మగతోడు లేకుండా, మంచి చీర కట్టుకుని, నవ్వుకుంటూ వెళ్లొచ్చే చోటు వాళ్లకు గుడి కాకుండా అదొక్కటే. ఏడవాలనుంటే అక్కడ హాయిగా ఏడ్చి వచ్చేవాళ్లు. ఎవరి కోసం ఏడ్చారని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

మా పెద్దత్తయ్యకు ఇప్పుడు డెబ్భై రెండేళ్లు. ఊళ్లో హాలు మూతపడ్డాక ఆవిడ ఒక్క సినిమాకూ వెళ్లలేదు. ఓటీటీ చూడటం ఆవిడకు రాదు, సీరియళ్లంటే చిరాకు. టౌనుకు వెళ్లి చూడాలంటే ఒక తోడు కావాలి, ఒక ఆటో కావాలి, ఫోన్లో టికెట్టు తీసిపెట్టేవాళ్లు కావాలి, వీటన్నిటి కోసం కొడుకును అడగాలి. ఆవిడ అడగదు. ప్రేక్షకులు తగ్గిపోయారన్న లెక్కల్లో ఇలాంటివాళ్లు ఎందరున్నారో ఎవరైనా లెక్కపెడితే బాగుండు.

నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ. నాలుగు తరగతులకు నాలుగు ధరలున్నా కప్పు ఒకటే. బాల్కనీలో డాక్టరుగారు నవ్వినచోటే నేలలో ఆయన పాలేరూ నవ్వేవాడు. ఆ హాల్లో కులం లేదని, హెచ్చుతగ్గులు లేవని నేను అనను. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఊరికి బాగా తెలుసు. అయినా ఊరంతా ఒకే చీకట్లో కూర్చున్న సందర్భాలు అంతకుముందు ఎక్కువ లేవు.

మెట్లు దిగుతూ వచ్చిన సినిమా

అప్పట్లో సినిమా ఒకేసారి అన్ని ఊళ్లకూ వచ్చేది కాదు. పెద్ద హీరో బొమ్మ అయినా కొన్ని పదుల ప్రింట్లతోనే విడుదలయ్యేది. ముందు విజయవాడ, గుంటూరు లాంటి ఏ సెంటర్లు. అక్కడ యాభై రోజులో వంద రోజులో ఆడాక బీ సెంటర్లకు, ఆ తర్వాత మా ఊరి లాంటి సీ సెంటర్లకు. దీనికి కారణం ఖరీదు. రసాయనాలు, వెండి కలిసిన ఫిల్ము మీద తీసిన ప్రింటది, వేలకు వేలు పోయాలి. తీసిన ప్రింటును అరిగేదాకా తిప్పాల్సిందే. మా ఊరొచ్చేసరికి దాని ఒంటి నిండా గీతలు. ఎండాకాలం కథలో కూడా తెర మీద వాన కురిసేది.

మేం ఎదురుచూసేవాళ్లం. ఆ ఎదురుచూపులోనే సగం పబ్లిసిటీ అయిపోయేది. బెజవాడలో చదువుకునే కుర్రాళ్లు చూసొచ్చి కథ చెప్పేవాళ్లు, బాగోలేని సినిమా సంగతీ వాళ్లే మోసుకొచ్చేవాళ్లు. మా హాలు యజమానికి దాంతో ఒక ధీమా ఉండేది. పై సెంటర్లలో నిలిచిన బొమ్మనే ఎంచి తెచ్చుకునేవాడు. బెజవాడ గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు వరసగా ఉండేవి. అక్కణ్నుంచి రీళ్ల పెట్టెలు బస్సెక్కి ఊళ్లకు బయల్దేరేవి. పండగల్లో ప్రింట్లు చాలకపోతే షిఫ్టింగ్. అంటే ఒకే ప్రింటు రెండు హాళ్లకు. ఇక్కడ ఆట అరగంట ముందు మొదలుపెట్టి, అయిపోయిన రీళ్లు అయిపోయినట్టే మోపెడ్ మీద పక్క ఊరి హాలుకు పంపేవాళ్లు. మధ్యలో రైల్వే గేటు పడిందంటే అక్కడ తెర తెల్లగా ఉండిపోయేది. ఒకసారి గేటు దగ్గర ఇరుక్కున్న కుర్రాడు డబ్బా నెత్తిన పెట్టుకుని పట్టాలు దాటి పరిగెత్తాడట. చెబుతూ పెద్దాయన ఇంకా కంగారుపడుతూనే ఉన్నారు.

2005 తర్వాత యూఎఫ్‌ఓ, క్యూబ్ లాంటి కంపెనీల డిజిటల్ పెట్టెలు రావడం మొదలైంది. 2013 వచ్చేసరికి రీలు దాదాపు కనుమరుగైంది. ఈ రూములోనే ఒక మూల ఆ పెట్టె పెట్టిన గట్టు ఇంకా ఉంది. కార్బన్ అక్కర్లేదు, చుక్క కోసం కాపు కాయక్కర్లేదు, కంపెనీ పంపిన అనుమతితో మీట నొక్కితే చాలు. మాకందరికీ భలే సంతోషమైంది. హైదరాబాదులో పడిన బొమ్మ అదే శుక్రవారం అదే పూట మా ఊళ్లోనూ పడింది. గీతల్లేవు, వాన లేదు. ఇక మాది సీ సెంటరు కాదనుకున్నాం.

ప్రింటు ఖర్చు పోవడంతో విడుదలకు హద్దు లేకుండా పోయింది. పదుల హాళ్లు వందలయ్యాయి, పెద్ద సినిమాకు రెండు రాష్ట్రాల్లో దొరికిన తెరలన్నీ ఇచ్చేయడం మామూలైంది. వంద రోజుల్లో రావాల్సిన డబ్బును మూడు రోజుల్లో దండుకోవచ్చని వ్యాపారం కనిపెట్టింది. సినిమా బాగోలేదన్న మాట ఊరు చేరేలోపే వసూళ్లు చేతికొస్తాయి. బాగున్నా సరే, చూడాలని తహతహలాడేవాళ్లంతా ఆదివారానికే చూసేస్తారు. శుక్రవారం నిండిన హాలు సోమవారం మ్యాట్నీకి ఇరవై మందితో నడవాలి. తాపీగా చూద్దాంలే అనుకునే మా పెద్దత్తయ్య లాంటివాళ్లు రెండో వారం బయల్దేరితే పోస్టరు మారిపోయి ఉంటుంది. మా హాలుకు మొదటి రోజు దక్కింది. దానికి బదులుగా మిగతా రోజులన్నీ పోయాయి.

జనమంతా ఇలా మొదటి ఆటలకే పోగుపడటం ఎంత దూరం వెళ్లిందో 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో చూశాం. ‘పుష్ప 2’ ప్రీమియర్‌కు సంధ్య 70 ఎంఎం దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు చావు అంచుల దాకా వెళ్లాడు. నెలల తరబడి జనం తీరిగ్గా చూడాల్సిన సినిమాను ఒక్క రాత్రిలోకి కుక్కడం మానమని ఆ రోజైనా గట్టిగా అడగాల్సింది.

అద్దె, వాటా

హాలు యజమానికి డబ్బు ఎలా వస్తుందో చాలామందికి తెలియదు. మన దగ్గర సింగిల్ స్క్రీన్లలో పెద్ద సినిమాకు సాధారణంగా అద్దె పద్ధతి. వారానికి ఇంతని అద్దె ముట్టజెప్పి, పైన వచ్చిందంతా డిస్ట్రిబ్యూటరు పట్టుకెళ్తాడు. వసూళ్లు అద్దెకన్నా పడిపోయే రోజు రాగానే లెక్క వాటాకు, అంటే పర్సంటేజీకి మారుతుంది. లాభమొచ్చిన రోజుల్లో హాలు కూలికి నిలబడ్డ మనిషి, నష్టమొచ్చిన రోజుల్లో భాగస్వామి. మల్టీప్లెక్సుకు మాత్రం మొదటి రోజు నుంచే వాటా. వెనక నెలల తరబడి ఆడే రోజుల్లో అద్దె పద్ధతి హాలుకు నిశ్చింత. మూడు రోజుల సినిమా వచ్చాక అదే ఉరితాడైంది.

మాకూ మొదటి రోజు నుంచే వాటా కావాలని రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు అడిగారు. 2025 జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామన్నారు. పెద్ద సినిమాల విడుదల ముందు అలా అనడం కుట్ర అన్నవాళ్లున్నారు, హాళ్లను గుప్పిట్లో పెట్టుకున్నారనే ‘ఆ నలుగురి’ పని అన్నవాళ్లున్నారు. పెద్ద దుమారం రేగి బంద్ ఆలోచన వెనక్కి పోయింది. ఎన్నో హాళ్లు లీజుల మీద కొద్దిమంది చేతుల్లో ఉన్న మాట నిజమే, అది పేట హాలుకు మంచి చేసిందీ లేదు. కానీ ఆ గొడవలో అడిగిన ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబు చెప్పకుండా అడిగినవాళ్ల పేర్లు వెతకడంతోనే సరిపెట్టారు. అంతకు ఏడాది ముందు, 2024 మే నెలలో, తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు జనం లేక పది రోజులు తమంతట తామే తలుపులు మూసుకున్నాయి. అప్పుడెవరికీ అందులో కుట్ర కనబడలేదు.

టికెట్టు ధర సంగతి మరో బాధ. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 35వ నంబరు జీవో తెచ్చింది. గ్రామ పంచాయతీల్లో ఏసీ లేని హాల్లో టికెట్లు 5, 10, 15 రూపాయలు. పేదవాడికి సినిమా అందాలన్న మాట నాకూ ఇష్టమే, నేల టికెట్టు మీద పెరిగినవాణ్ని. కానీ నాలుగు వందల సీట్లూ పై తరగతివే అనుకుని, అన్నీ నిండాయనుకున్నా ఆటకు 6,000 రూపాయలు. అందులోంచి పన్ను, డిస్ట్రిబ్యూటరు, కరెంటు, జీతాలు, డీజిలు. ఆ డిసెంబరులో అధికారుల తనిఖీలు ముమ్మరమయ్యాయి, కొన్ని హాళ్లు వాళ్లు మూయించారు, కొన్నిటికి యజమానులే తాళం వేశారు. 2022 మార్చిలో 20 నుంచి 250 రూపాయల దాకా కొత్త ధరలొచ్చాయి. ఇప్పుడు రోగం రెండో వైపుకి తిరిగింది. పెద్ద సినిమా వస్తే మొదటి వారానికి ప్రత్యేక జీవో, టికెట్టు మీద వందలు. నలుగురున్న కుటుంబం మొదటి వారం వెళ్లలేదు, తగ్గాక వెళ్దామంటే బొమ్మ ఉండదు.

ఉండకపోవడానికి ఓటీటీ గడువు కూడా కారణమే. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపి మరీ చర్చించుకుని, పెద్ద సినిమాలకు ఎనిమిది వారాల ఎడం ఉండాలనుకున్నారు. ఆ మాట నిలబడలేదు, నాలుగు వారాలకే ఫోన్లోకి వచ్చేస్తున్నవి బోలెడు. ఆ ఎనిమిది వారాల మాట మీద నిలబడటం, మొదటి రోజు నుంచి హాలుకు వాటా ఇవ్వడం, ఈ రెండూ జరిగితే మిగిలిన హాళ్లలో చాలావాటికి ఊపిరి వస్తుందని నా నమ్మకం. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల్లోపు టికెట్టు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గడం ఒక మంచి పని. ఆలస్యంగా జరిగింది, అయినా మంచి పనే.

పేరు మిగిలింది

సికింద్రాబాదులో ప్యారడైజ్ అంటే ఇప్పుడు బిర్యానీ. ఆ హోటలు 1953లో ప్యారడైజ్ టాకీసు ఆవరణలో చిన్న కెఫేగా మొదలైంది. టాకీసు పోయింది, చౌరస్తా పేరు, బిర్యానీ మిగిలాయి. సంగీత్ లేదు, సంగీత్ చౌరస్తా ఉంది. హైదరాబాదు లిబర్టీలో దిగేవాళ్లలో సగం మందికి అదొక సినిమా హాలు పేరని తెలియదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్ 70 ఎంఎం నేలమట్టమైంది, ఓడియన్ ఉన్నచోట మాల్ లేచింది. విశాఖలో చిత్రాలయ కూడా మాల్ అయింది.

అన్నీ పోలేదు. విశాఖలో ఒక కూడలికి పేరిచ్చిన జగదాంబ ఇంకా ఆడుతోంది. దేవి, సంధ్య, సుదర్శన్ 35 ఎంఎం క్రాస్‌రోడ్స్‌లో నిలబడి ఉన్నాయి. కాచిగూడలో తారకరామ మరమ్మతులు చేయించుకుని 2022 డిసెంబరులో మళ్లీ తెరుచుకుంది. సూళ్లూరుపేట దగ్గర పొలాల మధ్య వంద అడుగులు దాటిన వెడల్పున్న తెర 2019లో లేస్తే, దాన్ని చూడటానికి చెన్నై నుంచి కార్లేసుకుని వచ్చారు. 2022 ఆగస్టులో ‘పోకిరి’ మళ్లీ వేసినప్పుడు హాళ్లలో కుర్చీల మీద నిలబడి చూశారు కుర్రాళ్లు. విడుదలైనప్పుడు వాళ్లలో కొందరికి ఊహ కూడా తెలియదు. ఇంట్లో ఎన్నిసార్లైనా చూడగలిగిన సినిమా కోసం డబ్బిచ్చి వచ్చారు. పెద్ద తెర మీద జనానికి మోజు పోయిందని ఇంకెవరైనా చెబితే నేను ఈ సంగతే గుర్తుచేస్తాను.

మా హాలు కింద మేనేజరు గదిలో గోడ మీద తెల్లటి చదరాలు కనిపించాయి, వంద రోజుల షీల్డులు వేలాడిన గుర్తులు. షీల్డులు యజమాని కొడుకు ఇంటికి పట్టుకెళ్లాడట. బీరువాలో పనికిరావని వదిలేసిన పుస్తకాలున్నాయి. డీసీఆర్ పుస్తకాలు, ఆట ఆటకూ వసూళ్లు రాసే లెక్క. తరగతి, మొదటి టికెట్టు నంబరు, చివరి టికెట్టు నంబరు, అమ్మినవి, గ్రాస్, పన్ను, నెట్. పాత పుస్తకాల్లో గళ్లు చాలక అంకెలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. పెద్దాయన చివరి పుస్తకం తీసి చివరి పేజీ తిప్పారు. 2019లో ఒక సోమవారం. మార్నింగ్ షో లేదు. మ్యాట్నీ పదకొండు. ఫస్ట్ షో పంతొమ్మిది. సెకండ్ షో ఏడు.

ఏడుగురికి ఆట వేశారా అని అడిగాను. పది మంది లోపైతే డబ్బు వాపసు ఇచ్చి పంపడం అప్పటికే అలవాటు.

“పక్కూరి నుంచి నడిచొచ్చారు బాబూ. ఇద్దరు ఆడకూతుళ్లు, ఓ ముసలాయన, పిల్లలు. అప్పటికే తొమ్మిదిన్నర దాటింది. తిప్పి పంపలేక వేసేశాం. మధ్యలో కరెంటు పోయింది, జనరేటరు కూడా వేశాం.”

డీజిలు ఖర్చు గడిలో ఆయన చేతిరాతే ఉంది. ఆ ఏడు టికెట్ల డబ్బుకన్నా అది ఎక్కువ.